వంటగది ఉన్న హోటలు

"బోటి బాగా కడుగు. పోయినసారి వాసనొచ్చిందన్నాడు మణికంఠ" అని నల్ల కవరు సింకులో పడేసి, తడిచేతులు తలుపు కర్టెనుకి తుడుచుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు ప్రేమ్ కిరణ్.

గ్లోరి మరియమ్మ గుడి నుంచి వచ్చి పది నిమిషాలు కూడా కాలేదు. ఆదివారం పూజకి కట్టుకున్న చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపి కవరు ముడి విప్పింది. పొద్దున కోసిన మేకవి, ఇంకా వెచ్చగానే ఉన్నాయి పేగులు. పొట్ట సంచిని వేడినీళ్ళలో ముంచి చాకు వెనక వైపుతో నల్లటి పొర గీకాలి. పేగుల్ని ఒక్కొక్కటే తిరగేసి, మేక ఆఖరిసారి మేసిన గడ్డి బయటికి నెట్టాలి. ఉప్పు వేసి ఒకసారి, పసుపు వేసి ఒకసారి, మళ్ళీ వేడినీళ్ళతో ఒకసారి. కాపరానికొచ్చిన కొత్తలో ఈ పని చేస్తూ రెండుసార్లు వాంతి చేసుకుంది. "మేక్కి లేని అసహ్యం నీకెందుకే?" అంది అప్పుడు అత్తగారు ప్రేమావతి. పన్నెండేళ్ళయింది. వాంతులు పోయాయి. అసహ్యం మాత్రం ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే.

అయినా ఈ వారం గ్లోరికి ఏ పనీ బరువనిపించలేదు. కారణం ఉంది. తిరువూరు మెయిన్ రోడ్డు మీద వాళ్ళది పురుగుమందుల కొట్టు. ఈ ఏడు పత్తిమందు, మామిడి మందు కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువే అమ్మారు. అలా అమ్మిన డీలర్లు నలుగురికి కంపెనీవాళ్ళు దుబాయ్ ప్రయాణం పెట్టారు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు. ఏటా మగవాళ్ళు మాత్రమే పోయి, బ్యాంకాకో ఇంకోటో తిరిగి, ఒక్కొక్క బాడీ స్ప్రే తెచ్చి పెళ్ళాల మొహాన కొట్టేవాళ్ళు. ఈసారి జంటలుగా రావచ్చన్నారు. ఏరియా మేనేజరు డానీ పది రోజుల కింద గ్లోరికే ఫోన్ చేశాడు.

"మేడమ్, లైసెన్సు మీ పేరున ఉంది కాబట్టి లింకు మీ నంబరుకే వస్తది. తోడుగా ఇంట్లోవాళ్ళని ఒకర్ని పెట్టుకోవచ్చు, ఒక్కరైనా రావచ్చు. హోటలు, చూసేవి మీరే టిక్ పెట్టాలి. ఆదివారం సాయంత్రం దాకా టైముంది. ఒకసారి పంపించాక మార్చటం కుదరదండీ."

లైసెన్సు ఆమె పేరున ఎందుకుందంటే, పురుగుమందులు అమ్మడానికి సైన్సు డిగ్రీ కావాలి. ప్రేమ్ కిరణ్ ఇంటరు రెండుసార్లు తప్పాడు. పెళ్ళిచూపుల్లో గ్లోరి వంట గురించి ఒక్కరూ అడగలేదని వాళ్ళమ్మ జోజమ్మ ఎంత సంబరపడిందో! అడిగింది ఒకటే: బీఎస్సీ కెమిస్ట్రీ సర్టిఫికెట్టు ఒరిజినల్ చేతిలో ఉందా, కాలేజీలోనే ఉండిపోయిందా అని. పెళ్ళయిన నెలకి ఆ సర్టిఫికెట్టు మీద వచ్చిన లైసెన్సు ఫ్రేము కట్టి కొట్లో మరియమ్మ పటం పక్కన తగిలించారు. పెనుగొలను నుంచి రైతు ముడుచుకుపోయిన ఆకు తెచ్చి బల్ల మీద పెడితే అది తెల్లదోమో, తామరపురుగో, అసలు పురుగే కాదు నీళ్ళెక్కువయ్యాయో చెప్పేది గ్లోరి. ఆ రైతు తల ఊపి, ఆమె చెప్పినదంతా విని, బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటున్న ప్రేమ్ కిరణ్ దగ్గరికి పోయి "సార్, ఇదేనంటారా?" అని అడిగేవాడు. ప్రేమ్ కిరణ్ ఆమె తీసిచ్చిన మందు సీసా అటు తిప్పి ఇటు తిప్పి "ఆ, ఇదే కొట్టు" అనేవాడు. పాస్‌పోర్టుకని విజయవాడ వెళ్ళినప్పుడు కౌంటర్లో అమ్మాయి "మీరేం చేస్తారమ్మా?" అని గ్లోరిని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే "హౌస్‌వైఫ్ అండీ" అన్నాడు.

సరే, అవన్నీ ఎప్పుడూ ఉండేవే. దుబాయ్ మాత్రం వేరు. "నీకైతే ఇంగ్లీషొచ్చు, నువ్వే చూడు. నీ కోసమేగా వెళ్ళేది" అని ఉదారంగా అన్నాడు ప్రేమ్ కిరణ్. ఆ మాటని గ్లోరి నిజమని నమ్మింది. నమ్మినందుకు తర్వాత తలుచుకుంటే తన మీద తనకే రోత పుడుతుంది కానీ, ఆ పది రోజులూ ఎంత బాగున్నాయో! ఎసట్లో బియ్యం వేసి హోటళ్ళ బొమ్మలు చూసేది. కంపెనీ ఇచ్చినవి రెండు. ఒకటి పాత ఊళ్ళో, సముద్రపు పాయ ఒడ్డున. కిటికీలోంచి చెక్కపడవలు కనిపిస్తాయి. రెండోది గదులూ హాలూ ఉన్న ఫ్లాటు లాంటిది. గ్లోరి మొదటిదాన్ని ఎంచుకుంది, పడవల కోసం కాదు. అక్కడ పొద్దుటి టిఫిను హోటలువాళ్ళే పెడతారు. పొడవాటి బల్ల మీద నలభై రకాలు. ఆ బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి మరీ చూసేది. ఆ నలభైలో ఒక్కటి కూడా తను కోసింది, రుబ్బింది, కడిగింది కాదు. నాలుగు పొద్దులు ఎవరో వండినది తిని, కంచం అక్కడే వదిలేసి లేచిపోవచ్చు. ఆమెకి కావలసింది అంతే, నాలుగు పొద్దులు. చూసేవాటిలో మూడు టిక్ పెట్టమంటే ఎడారిలో ఒంటె సవారీ, పాయలో పడవ, తెల్లవారుజామున ఇసుక దిబ్బల మీద బెలూన్లో ఎగరడం అనుకుంది. నూజివీడు హాస్టల్లో ఉన్న కూతురు ఆరాధనకి ఫోన్లో చెబితే "అమ్మా, నువ్వా? బెలూన్లోనా?" అని నవ్వింది. ప్రేమ్ కిరణ్‌కి చూపిస్తే "బాగుంది బాగుంది" అన్నాడు క్రికెట్ మీంచి కళ్ళు తిప్పకుండా.

సగం పేగులు కడిగేసరికి ఫోన్ మోగింది. అబీదా. జానీబాషా భార్య. అతనిది బోసు బొమ్మ దగ్గర విత్తనాల కొట్టు, నలుగురు డీలర్లలో ఒకడు. గ్లోరి మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"అక్కా, పెద్ద కుక్కర్ మీరే తెస్తున్నారా? మాకు బియ్యం, మసాలాలు కట్టమన్నారు. మణికంఠ అన్నయ్యోళ్ళది పప్పులు, నూనె అంట."

"ఎక్కడికి అబీదా?"

"దుబాయ్‌కి! వంటగదున్న హోటలు బుక్ చేస్తున్నారంటగా అందరికీ. ఎనిమిదిమందికీ మీరే వండుతానన్నారంట. మా ఆయన ఒకటే పొగడ్త, గ్లోరీ చెల్లెమ్మ ఎంత మంచిదో చూడు, నువ్వూ ఉన్నావు అని. నేను ఉల్లిపాయలు కోసిపెడతాలే అక్కా. మీరొక్కరే ఎంతని చేస్తారు?"

అటునుంచి అబీదా ఏవో చెబుతూనే ఉంది. గ్లోరి చేతిలో పేగు జారి నీళ్ళలో పడింది. "మళ్ళీ చేస్తా" అని మోచేత్తోనే ఫోన్ ఆపింది.

గ్యాసు పొయ్యి పక్కన పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ప్రేమావతి అంతా విన్నది. "అబ్బాయి నాకు చెప్పాడులే" అంది. "మగాళ్ళు బయటి తిండి ఎక్కడ తినగలరే? ఐదు రోజులు రొట్టెలు తింటే కడుపులో మంట. నువ్వో రెండు పచ్చళ్ళు, కాస్త కారప్పొడి కట్టుకుపోతే నీ చేతి మీదుగా నలుగురూ తింటారు. పేరుంటది."

"నేను వండుతానని ఎవరితో అన్నానత్తయ్యా?"

"అనేదేముంది ఇందులో? వేళాంగణి మాత దగ్గరికి పోయినప్పుడు నేను పద్నాలుగు మందికి వండాను, మూడు రోజులు, కిరసనాయిలు పొయ్యి మీద. సముద్రం ఎటుందో కూడా చూళ్ళా. మీ మావయ్య అందరికీ చెప్పుకునేవాడు, మా ప్రేమావతి తల కూడా ఎత్తలేదు అని."

ఆ మాట అంటున్నప్పుడు ముసలామె మొహంలో గర్వం వెలిగింది. అది చూసి గ్లోరికి అసహ్యం వేసింది. ఎదురుగా బేసిన్లో ఉన్నది మేక పేగులే, వాటి వల్ల కాదు. ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరనాళ్ళకి పోతే కొండ కింద టార్పాలిన్ పట్టా పరిచి, ఇటుకలు పెట్టి, పాతికమందికి బిర్యానీ వండటం గుర్తొచ్చింది. పన్నెండేళ్ళలో కొండెక్కి మరియమ్మని చూసింది రెండుసార్లు. ఇంకో ఇరవై ఏళ్ళకి తనూ ఏ పీట మీదో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, దుబాయ్ పోయినప్పుడు ఎనిమిదిమందికి వండాను, ఒంటె ఎట్లుంటుందో కూడా చూడలేదు అని ఎవరో పిల్లకి గొప్పగా చెప్పుకుంటుంది. చీ!

ఉన్న పేగులన్నీ కడిగి వండి, కూర దగ్గరపడేసరికి హాల్లో మిగతా ముగ్గురు డీలర్లు మణికంఠ, జానీబాషా, ఎ.కొండూరు జోజిబాబు వచ్చి కూర్చున్నారు. గ్లాసుల చప్పుడు, నవ్వులు. ఎవరో కాళ్ళు టీపాయ్ మీద పెట్టినట్టున్నారు, అది కిర్రుమంది. ప్రేమ్ కిరణ్ గొంతు అందరికన్నా పెద్దగా వినపడుతోంది.

"మధ్యాహ్నం పూట ఆడాళ్ళని బంగారం బజారులో వదిలేద్దాం రా. కొనేది లేకపోయినా సాయంత్రం దాకా చూస్తానే ఉంటారు. మనం ఆ ఇసకలో కార్లేసుకుని పోదాం, అక్కడే డాన్సు కూడా ఉంటదంట. వచ్చేసరికి మా ఆవిడ వేడన్నం, పప్పుచారు రెడీ చేసి పెడతది."

"పెట్టి పుట్టావన్నా" అన్నాడు మణికంఠ. "బయటికి పోయినా ఇంటి వంటే!"

"ఆమె కోసమేగా తీసుకెళ్తంది" అన్నాడు ప్రేమ్ కిరణ్. నలుగురూ నవ్వారు.

ఎప్పుడూ ఏదో ఒక పేరు పెట్టి సర్దుకునే అలవాటున్న గ్లోరి మనసు ఈసారి సర్దుకోవడానికి ఏమీ వెతకలేదు. ఆ నవ్వు విన్నాక, కర్టెనుకి తుడిచిన తడిచేతులూ, సింకు అంచున పళ్ళు తోముకుని ఉమ్మి వదిలేసిన నురగా, తిన్న కంచంలోనే కడిగిన చేయీ, ఆ నీళ్ళలో తేలే మెతుకులూ, పన్నెండేళ్ళుగా తను ఎత్తిపోసిన ఎంగిలంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. తన డిగ్రీ ఆయన కొట్టుకి కావాలి. తన ఇంగ్లీషు ఆయన ప్రయాణానికి కావాలి. తన చేతులు నలుగురి కడుపులకీ కావాలి. తను మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఇంతకాలం దీన్ని కాపరం అనుకుంది.

"గ్లోరీ! డానీ లింకు నాకు కూడా పంపించాడు, నింపేస్తన్నా. నీ ఫోన్‌కి ఓటీపీ వస్తది, చెప్పు!" హాల్లోంచి కేక.

ఫోన్ టింగుమంది. ఆరంకెలు. గ్లోరి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో వాసన పోలేదు, పోదు కూడా. చీర చెంగుతో తుడుచుకుని, తన ఫోన్లో తన లింకు తెరిచింది. ఓటీపీ అడిగితే కొత్తది తెప్పించుకుని కొట్టింది. పది రోజులుగా హోటళ్ళ బొమ్మలే చూసింది కానీ ఆ పై గడులు సరిగ్గా చూడనేలేదు. డీలరు పేరు: శ్రీమతి గ్లోరి. అది ముందే అచ్చయి ఉంది, ఎవరూ మార్చలేరు. తోడుగా వచ్చేవారి పేరు: ఆ గడి ఖాళీగా ఉంది. ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారో అక్కడ రాసే ఉంది.

"అత్తయ్యా" అంది. "యెరూషలేము పోదామని తీయించిన పాస్‌పోర్టు మీ బీరువాలో ఉందిగా. దుబాయ్ వస్తారా నాతో?"

మావయ్య మంచాన పడటంతో ఆగిపోయిన ప్రయాణం అది. ప్రేమావతి చేతిలో వెల్లుల్లి రెబ్బ అట్లాగే ఉండిపోయింది. "నేనా?" అంది. "అక్కడ సముద్రం ఉంటదా?" అని అడిగింది.

"ఉంటది. హోటలు కిటికీలోంచే కనపడతాయి పడవలు."

ముసలామె కళ్ళు ఒక్క క్షణం ఎక్కడికో వెళ్ళాయి. మళ్ళీ పొయ్యి మీద గిన్నె దగ్గరికి వచ్చేశాయి. "మరి వాడికి ఇక్కడ కూరెవరు వండుతారే?" అంది.

గ్లోరి ఫోన్ పట్టుకుని ఎదురుచూసింది. ప్రేమావతి తల వంచుకుని ఆ రెబ్బ ఒలిచింది, ఇంకొకటి ఒలిచింది. తర్వాత, హాల్లోవాళ్ళకి వినపడకుండా, "నువ్వెళ్ళి రా. వాడికి నేనేదో వండి పెడతాలే" అంది.

తోడు: ఎవరూ లేరు. హోటలు: పాయ ఒడ్డున. ఒంటె, పడవ, బెలూన్. కింద 'పంపించు' అన్న గడి మీద గ్లోరి వేలు పెట్టి నొక్కింది, అంతే.

"ఏంటే, ఓటీపీ వచ్చిందా లేదా?"

అన్నం గిన్నె, బోటి కూర గిన్నె రెండు చేతులా పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. టీపాయ్ మీది కాళ్ళు తీసేదాకా నిలబడి, గిన్నెలు అక్కడ పెట్టింది.

"వచ్చిందండీ. ఫారం నేనే పంపించేశాను" అంది. "నేనొక్కదాన్నే వెళ్తున్నా. హోటల్లో వంటగది లేదు."

జానీబాషా గ్లాసు కింద పెట్టాడు. ప్రేమ్ కిరణ్ నోరు తెరిచి ఆమె మొహం వంక, ఫోన్ వంక చూస్తున్నాడు. ఎప్పటిలా నలుగురి కంచాల్లో వడ్డించడానికి గ్లోరి వంగలేదు. గరిటె కాడ భర్త వైపు తిప్పి పెట్టి, చేతులు మళ్ళీ కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.