జిప్పులు రాని చలికాలం

"కెమెరాలో మొహం పడకుండా నించో. చేతులు కనబడితే చాలు," అన్నాడు భర్త, కంప్యూటర్ ముందు జుట్టు సవరించుకుంటూ.

వదిన పక్కకి జరిగి పిల్లల కోటుని ఎత్తి పట్టుకుంది. కుట్టుగదిలో పన్నెండుమంది ఆడవాళ్ళూ ఆమెను వదిన అనే పిలుస్తారు. గుడ్డ కత్తిరించేదీ, కొత్తవాళ్ళకి పని నేర్పేదీ ఆమే. జీతం మాత్రం లేదు. "సొంత పనికి జీతమేమిటమ్మా, విడ్డూరం కాకపోతే!" అని అత్తగారు ఏనాడో తేల్చేసింది.

ఈ కోట్లు సముద్రం అవతల మంచు కురిసే ఊళ్ళకి పోతాయి. గుడ్డ ఒక దేశం నుంచి వస్తుంది, జిప్పు ఇంకో దేశం నుంచి. ఆ ఆర్డర్ల పుణ్యమా అని పన్నెండిళ్ళ పిల్లలు చదువుకుంటున్నారు, అది ఆమె కాదనదు. కానీ ఎక్కడో జిప్పుల ఫ్యాక్టరీ మూతపడితే ఇక్కడ మిషన్లు ఆగిపోయాయి. "జిప్పులు ఇంకోచోట కూడా చూసుకుందామండీ," అని ఏడాదిగా మొత్తుకుంది. "నీకేం తెలుసు, కుట్టుకో," అనేవాడాయన. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే నిలుస్తుందా? ఒళ్ళు మండిపోయేది ఆమెకి.

కంప్యూటర్ తెర మీద, ఆ కోట్లు కొనే విదేశీ కంపెనీ ఆవిడ కనబడింది. "నిజం చెప్పండి. చలి మొదలైంది, మా కొట్లు ఖాళీగా ఉన్నాయి. కోట్లు రాకపోతే నా ఉద్యోగం పోతుంది."

"జిప్పులు ఓడెక్కేశాయి మేడం, రేపో మాపో..." భర్త నవ్వుతూనే అబద్ధమాడాడు.

ఇన్నేళ్ళు చాటున నిలబడి విని విని వదినకి వాళ్ళ భాష పట్టుబడింది. మనమే వాళ్ళ మీద బతుకుతున్నాం అనుకునేది ఇన్నాళ్ళూ. వాళ్ళకీ మనతో అంతే అవసరమా! ఆ మాట తట్టగానే గుండెలోని బెదురు ఎటు పోయిందో పోయింది. కోటుతో సహా కెమెరా ముందుకొచ్చేసింది.

"జిప్పులు రావు మేడం. ఆ ఫ్యాక్టరీ మూసేశారు. గుండీలు, కాజాలతో కుడతాం. గాలి దూరకుండా లోపల పట్టీ వేస్తాం. ఇదిగో, అలా మేమంతా కలిసి కుట్టిన కోటు ఇదే, చూడండి."

ఆవిడ ముందుకి వంగి చూసింది. మొహం విచ్చుకుంది. "చాలా బాగుంది! ఇంతకీ మీరెవరు?"

"మా ఆవిడండీ," భర్త గబగబా అందుకున్నాడు. "నాకు సాయంగా ఉంటుంది."

పన్నెండుమందీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వదిన కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"ఆర్డరు మా పదముగ్గురి పేర రాయండి మేడం. ఈయన మాకు సాయంగా ఉంటారు."