ఎర్రావుకి ఎక్కువైన బోల్టు

గేరుబాక్సు బిగించి, పికప్ కిందినుంచి వీపు మీద పాకుతూ బయటికొచ్చిన సెలేలోకి ఎనామిల్ పళ్ళెంలో ఒక బోల్టు మిగిలిపోయి కనిపించింది.

మిగలకూడదు. ఒక్కటి కూడా మిగలకూడదు. విప్పిన ప్రతి బోల్టూ ఆ పళ్ళెంలోనే పడింది. పళ్ళెంలో పడ్డ ప్రతిదీ తిరిగి బండికే ఎక్కింది. మరి ఇదెక్కడిది?

చేతిలోకి తీసుకుని చూశాడు. పదమూడో నంబరు పానా పట్టే సైజు. ఆ సైజు బోల్టులు ఎక్కడుంటాయో అతనికి బాగా తెలుసు. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య, క్లచ్చిని పట్టి ఉంచే చోట. గేరుబాక్సు దించితే తప్ప కంటికి కనపడని చోట. అక్కడ ఒక్కటి తక్కువైనా, బండి ఏ కొండ వాలు మీదో పెద్ద చప్పుడు చేసి ఆగిపోతుంది.

"ఏవైంది నాయనా?"

మొరూలా చెట్టు నీడలో కుర్చీ వేసుకుని చిక్కుడు గింజలు ఒలుస్తున్న తల్లి అడిగింది. పేటంతా ఆమెను మ్మా సెలేలో అంటుంది. సెలేలో వాళ్ళమ్మ అని. ఆమె అసలు పేరు పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

"ఒక బోల్టు ఎక్కువైందమ్మా."

"అయ్యో! లోపలేదో మర్చిపోయుంటావు. మళ్ళీ దించి చూసుకో. తొందరేముంది? మీ నాన్న బండి అది, జాగ్రత్త."

తొందర ఉంది. శనివారం సెలేలో అక్క కొడుకు తుమిసో పెళ్ళి. తెల్లవారకముందే మగపెళ్ళివారు షోషాంగ్ చేరి, పెళ్ళికూతురి వాళ్ళకి ఓలి ఆవులు అప్పగించాలి. ఆవులు లారీలో వస్తాయి. వాటికి ముందు నడవాల్సింది పెళ్ళికొడుకు మేనమామ. అంటే సెలేలో. అతని పక్క సీట్లో పెళ్ళికొడుకు అమ్మమ్మ. ఆ పికప్‌కి ఉన్నవే రెండు సీట్లు.

సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా ఇలాగే వెళ్ళారు. షోషాంగ్ కొండ వాలు మీద క్లచ్చి కాలిపోయింది. మగపెళ్ళివారంతా కోట్లు విప్పి, బండిని నెట్టుకుంటూ వియ్యాలవారి గుమ్మంలోకి చేరారు. మ్మా సెలేలో ముందు సీట్లో హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రాయిలా కూర్చుంది. పెళ్ళికూతురి మేనత్త అక్కడికక్కడే పాట కట్టేసింది: "వచ్చారమ్మా వచ్చారు, బండిని మోసుకు వచ్చారు!" ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టి అందుకున్నారు. ఇప్పుడా పాట తమ ఊరు మహలాపై దాకా వచ్చేసింది. సెలేలో కొట్టుకి వెళితే కొట్టువాడు కూనిరాగం తీస్తున్నాడు.

ఈసారి ఎర్రావు రంకె వేస్తూ ఆ వాలు ఎక్కి తీరాలి. లేకపోతే పినతండ్రి కొడుకు ఫెన్యో ఉన్నాడు. వెనక కూడా సీట్లున్న వాడి కొత్త డబుల్ క్యాబ్ పికప్ ఉంది. అది ముందు నడుస్తుంది, మేనమామ అందులో వెనక సీట్లో మూటలా వెళతాడు.

ఎర్రావు అంటే ఆ పికప్పే. అది కొన్న రోజునే తండ్రి ఆ పేరు పెట్టాడు. రంగును బట్టే కాబోలని అందరూ అనుకున్నారు. తండ్రి పోయాక చాలామంది అడిగారు, అమ్మెయ్యమని. సెలేలో ఒక్కటే మాట చెప్పాడు: "అమ్మ ఉన్నన్నాళ్ళూ నాన్న బండి ఈ వాకిట్లోనే ఉంటుంది." పరాయి మెకానిక్కు చెయ్యి కూడా పడనివ్వలేదు. సెలవు పెట్టి, కిందికి దూరి, తనే బాగుచేసుకునేవాడు. అతని వీపు మీద అచ్చుపడని రాయి ఆ వాకిట్లో లేదు.

భార్య నామెత్సో టీ తెచ్చి, అతని చేతిలోని బోల్టుని చూసింది.

"ఆపరేషన్ చేసి కత్తెర లోపల మర్చిపోయిన డాక్టరు సంగతి విన్నాను. లోపలుండాల్సింది బయట మర్చిపోయే డాక్టరువి నువ్వేనయ్యా!"

సెలేలో టీ తాగి, మళ్ళీ కిందికి దూరాడు.

మర్నాడు గేరుబాక్సు దించి చూస్తే క్లచ్చి బోల్టులు అన్నీ ఉన్నాయి. ఒక్క కన్నం ఖాళీ లేదు. తల గోక్కున్నాడు. తిరిగి ఎక్కించాడు, బిగించాడు, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

పళ్ళెంలో రెండు బోల్టులు ఉన్నాయి.

"నామెత్సో!"

నామెత్సో పరిగెత్తుకొచ్చింది. చూసింది. చాలాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టింది.

"ఒకటి ఆడదీ ఒకటి మగదీ అయ్యుంటాయి. కాస్త ఓపిక పట్టు, మందవుతుంది. ఓలికి వీటినే తోలుకుపోదాం."

"వేళాకోళం కాదు. ఎవరో వేస్తున్నారు. నిజం చెప్పు, నీకు మొదటినుంచీ ఈ బండంటే పడదు. చిన్న కారు కొనమని నా ప్రాణం తీస్తున్నావు."

"నేనా? నేనే వెయ్యాలనుకుంటే ఒకటీ అరా ఎందుకు వేస్తాను? బిందెడు తెచ్చి కుమ్మరిస్తాను. నాకంత ఓపిక ఉంటే నీతో ఇన్నేళ్ళు పోట్లాడేదాన్నా?"

అది నిజమే. ఓపిక ఉన్న మనిషి చేసిన పని ఇది.

"పోనీ లేవే, వాణ్ణి విసిగించకు," అంది మ్మా సెలేలో చెట్టు కిందినుంచి. "నాయనా, ఇంకోసారి దించు. మొదటిసారి సరిగ్గా చూడలేదేమో."

సెలేలో బోల్టుల్ని గుడ్డతో తుడిచి ఎండలో పట్టి చూశాడు. ఒకదాని తల అంచున చిటికెడు పచ్చరంగు పెచ్చు. ఎర్రావులో పచ్చరంగెక్కడిది? అతని కళ్ళు చిన్నవయ్యాయి. ఫెన్యో డబుల్ క్యాబ్ ఆకుపచ్చ!

సరిగ్గా ఆ సమయానికి ఆకుపచ్చ డబుల్ క్యాబ్ వచ్చి గేటు దగ్గర ఆగింది. చప్పుడు కూడా లేదు. దాన్లోంచి ఇస్త్రీ చొక్కాతో ఫెన్యో దిగాడు. వారం మొదలైనప్పటినుంచీ రోజూ వస్తూనే ఉన్నాడు.

"ఏం అన్నయ్యా, ఆవు ఈనిందా?"

"నువ్వు రోజూ ఎందుకొస్తున్నావురా?"

"వదిన పిండితో చేసే మగ్వీన్యా కోసం. నూనెలోంచి తీసినవి తీసినట్టు తింటే ఆ రుచే వేరు." ఎర్రావు ముందు బానెట్టు మీద చెయ్యేసి నిమిరాడు. "ఎందుకు ఈ కష్టం? శనివారం నా బండుందిగా. లోపల చల్లగా ఉంటుంది. పెద్దమ్మ కునుకు తీస్తూ వస్తుంది."

"అదీ సంగతి! మేనమామ చోటు కాజేద్దామని నా పళ్ళెంలో బోల్టులు వేస్తున్నావా?"

ఫెన్యో నోరు తెరిచాడు. ఇక ఆగలేదు. "నేనా! బోల్టా! అన్నయ్యా, నా బండిలో బోల్టనేది నా కంటికే కనపడదు, అన్నీ మూతల కింద ఉంటాయి! కావాలంటే దూరి చూసుకో!"

సెలేలో దూరాడు. పక్కనే ఇస్త్రీ చొక్కాతో ఫెన్యో కూడా దూరాడు, తన పరువు కాపాడుకోవడానికి. ఒక్క బోల్టూ తగ్గలేదు. బయటికొచ్చేసరికి ఫెన్యో చొక్కా వీపంతా మట్టి. మగ్వీన్యా తినకుండానే వెళ్ళిపోయాడు. వాడికి అంతకన్నా పెద్ద అవమానం ఉండదు.

ఇక వల పన్నాల్సిందే. సెలేలో మళ్ళీ గేరుబాక్సు దించాడు. ఈసారి పళ్ళెం అంచు చుట్టూ నల్ల గ్రీజు దట్టంగా పూశాడు. ముట్టుకున్నవాడి చెయ్యి వాణ్ణి పట్టిస్తుంది. కడిగినా ఒక పట్టాన వదలని గ్రీజు అది.

మధ్యలో పదమూడో పానా కనపడకుండా పోయింది. అరగంట వెతికాడు. బండి కింద వెతికాడు, జేబుల్లో వెతికాడు, కుక్కని అనుమానించాడు.

"ఇదిగో నాయనా," అంది తల్లి. "చిక్కుళ్ళ బుట్టలో పడుంది. ఎలా పడిందో ఏమో."

సాయంత్రానికి బిగింపు పూర్తయింది. పళ్ళెంలో నాలుగు బోల్టులు.

సెలేలో అందర్నీ చేతులు చూపించమన్నాడు. నామెత్సో వేళ్ళకి నల్ల గ్రీజు. అతని ప్రాణం లేచొచ్చింది.

"నీ చొక్కాలు ఉతికేదెవరు?" అందామె.

గరిటెకి గ్రీజు. తలుపు గడియకి గ్రీజు. కుక్క చెవికి గ్రీజు. అద్దంలో చూసుకుంటే అతని ముక్కుకే అందరికంటే ఎక్కువ గ్రీజు. ఇంటిల్లిపాదిలో అద్దంలా ఉన్నవి ఒక్క తల్లి చేతులే. ఆ చేతుల్ని కళ్ళకద్దుకుని, ఆమెని అనుమానితుల వరసలోంచి తప్పించాడు. నిజానికి ఆ వరసలో ఎప్పుడూ చేర్చలేదు.

"మళ్ళీ దించుతావా నాయనా?" అంది ఆమె ప్రేమగా.

"దించనమ్మా. ఇక దించను. రేపు ఇంజను వేస్తాను. ఏదైతే అదవుతుంది."

ఆమె ఒలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఆగింది.

శుక్రవారం మధ్యాహ్నం. జొన్న సంకటి తిని, నామెత్సో గోడ పక్కకి తప్పుకుంది. ఫెన్యో కూడా వచ్చాడు. అలక పోలేదు గానీ ఆకలి గెలిచింది. సెలేలో ఎక్కి కూర్చుని, తండ్రిని తలచుకుని తాళం తిప్పాడు.

ఎర్రావు దగ్గింది. తుమ్మింది. నల్లటి పొగ ఒకటి వదిలి, రంకె వేసింది. క్లచ్చి తొక్కి గేరు వేశాడు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది! ముందుకి పోయింది. వెనక్కి వచ్చింది. ఫెన్యో కూడా చప్పట్లు కొట్టాడు.

"అమ్మా! నాన్న బండి లేచిందమ్మా!"

చెట్టు కింద కుర్చీ ఖాళీగా ఉంది.

"తలనొప్పిగా ఉందని లోపలికెళ్ళింది," అంది నామెత్సో.

సెలేలో దిగాడు. సైలెన్సరు పట్టీ ఒకటి గలగలమంటోంది. ఒక్క తిప్పు తిప్పితే చాలు. "పదమూడో పానా ఏది? ఇప్పుడే ఇక్కడ పెట్టాను!"

లోపలినుంచి, తల్లి గదిలోంచి, ఇనుము విరిగిపడ్డట్టు పెద్ద చప్పుడు. దాని వెంట ఒక కేక.

ముగ్గురూ పరిగెత్తారు. ఇనప మంచం ఒక మూల కూలిపోయి, పరుపు జారుడుబండలా నేలకి వాలి ఉంది. దాని చివర మ్మా సెలేలో కాళ్ళు చాపి కూర్చుని ఉంది. దెబ్బలేం తగల్లేదు. తలగుడ్డ మాత్రం కంటి మీదికి జారింది.

"అమ్మా! కదలకు! నేను బాగుచేస్తా!" సెలేలో మోకాళ్ళ మీద వాలి మంచం కోడు పట్టుకున్నాడు. "బోల్టు ఊడిపోయిందంతే. పాత మంచం కదా. పదమూడో పానా సైజు..."

ఆగిపోయాడు. జేబులోంచి ఒక బోల్టు తీసి కన్నంలో పెట్టాడు. వేలికి ఉంగరంలా సరిపోయింది. మంచం కోళ్ళ వంక చూశాడు. ఆకుపచ్చ రంగు. మిగతా మూలలు చూశాడు. మూలకి రెండు కన్నాలు, అందులో ఒకటి ఖాళీ. మెల్లగా తల తిప్పి తల్లి ఒళ్ళోకి చూశాడు. అక్కడ పదమూడో పానా ఉంది. ఆమె గుప్పిట్లో ఇంకో బోల్టు ఉంది.

నామెత్సో ఇంటికప్పు వంక చూడసాగింది. ఫెన్యో గుమ్మంలోనే నిలబడిపోయాడు. వాకిట్లో ఎర్రావు ఒక్కటే గురగురమంటోంది.

మ్మా సెలేలో తలగుడ్డ సర్దుకుంది.

"ఏం చూస్తావురా? అవును, నేనే. చేతికి గ్రీజు అంటకుండా చెంచాతో వేశాను. నీ పెళ్ళానికేం తెలీదు, దాన్నేమీ అనకు. ఫెన్యోకీ తెలీదు. వాడికంత బుర్రెక్కడిది?

"ఆ బండి ఎలా వచ్చిందో మీ నాన్న నీకెప్పుడైనా చెప్పాడా? చెప్పడు. మా నాన్న నాకిచ్చిన ఆవుల్ని అమ్మి కొన్నాడు. నేను మా చెల్లెలి పురిటికెళ్ళి వచ్చేసరికి దొడ్డి ఖాళీ. వాకిట్లో ఇది. 'కోపం తెచ్చుకోకు, నీ ఎర్రావు పేరే పెట్టాను' అన్నాడు, అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు. నా ఎర్రావు పూటకి చెంబుడు పాలిచ్చేది. ఇది డబ్బాడు నూనె తాగి పొగ వదిలేది. నా ఆవు ఏ వాలెక్కినా వెనకనుంచి ఎవరూ నెట్టలేదు.

"మీ నాన్న పోయినప్పుడు గుండె పగిలేలా ఏడ్చాను. పోనీలే, ఇక ఈ బండి కూడా పోతుందని ఓదార్చుకున్నాను. పోయిందా? చచ్చిన ప్రతిసారీ నువ్వు కింద దూరి బతికించావు. పైగా 'అమ్మ కోసం' అంటావు. కొడుకు వీపు కొట్టుకుపోయేలా నా కోసం పాకుతుంటే, నాకిది వద్దురా అని ఏ తల్లి నోరు తెరుస్తుంది? నువ్వేమో నా కోసం బిగించావు. నేను నీ కోసం నోరు మూసుకున్నాను. ఇద్దరం కలిసి దీన్ని మేపాం.

"కానీ శనివారం ఆ మేనత్త పాట మళ్ళీ వినలేనురా. ఫెన్యో బండి సీటు మెత్తగా ఉంది. మొన్న వాడు మగ్వీన్యా తింటున్నప్పుడు ఎక్కి చూశాను. అందులో వస్తా. మేనమామవి, ముందు నువ్వే నడువు. నీ ఎర్రావునే తోలుకో. ఇవాళ చప్పుడు బాగానే ఉంది, నేనూ విన్నాను. అది విని కంగారుపడే ఐదోది తీశాను. అదే నా తప్పు. మూలకొకటి తీసి ఊరుకునుంటే మంచం నిలబడేది.

"ఇంక లేచి ఆ బోల్టులన్నీ తీసుకురా. మంచం బిగించు. ఒక్కటి మిగిలినా దీని మీద పడుకునేది లేదు."