నాలుగు మాటల్లో రెండోది

నేను ఒక చెయ్యిని. వెనకాల మనిషి లేడు. భుజం దగ్గర మొదలై వేలి కొసల దగ్గర ఆగిపోతాను. అలాగని తీసిపారేయకండి. ఈ ఒంట్లో లక్ష సూదులు దిగాయి, ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు. ఉత్తరాంధ్రలో ఇవాళ మెడలో స్టెతస్కోపు వేసుకుని తిరిగే డాక్టర్లలో సగం మందికి సూది పట్టడం నేర్పిన గురువును నేనే. పాస్ అయి వెళ్ళేటప్పుడు ఒక్కడూ నాతో చెయ్యి కలిపిన పాపాన పోలేదు.

నన్ను ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో అచ్చు పోశారు. లోపల స్పాంజి కూరి పైన రబ్బరు చర్మం తొడిగారు. పక్క బల్ల మీద తలకాయలు ఆరుతుండేవి. వాటిలో ఒకదానితో నాకు కాస్త స్నేహం కుదిరిందో లేదో, దాన్ని వేరే రాష్ట్రానికి పంపేశారు. నాకు పూసిన రంగు మాత్రం ఉడికించిన రొయ్య రంగు. ఆ రంగు మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు.

అట్టపెట్టెలో పడుకుని ఒక వైద్య కళాశాలకు చేరాను. అక్కడ టీకాల పాఠం చెప్పే ప్రొఫెసర్ సన్యాసిరాజు గారు పెట్టె విప్పి నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. పసిపిల్లలకు టీకా తొడకు వేస్తారు. ఆయన తొడ కావాలని రాశారు. చెయ్యి వచ్చింది. తిప్పి పంపాలంటే ఎన్ని సంతకాలు కావాలో ఆయనకు తెలుసు.

"దీన్నే తొడ అనుకోండి," అన్నారు విద్యార్థులతో.

నూట యాభై మందీ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ కాలేజీలో నేర్చుకున్న మొదటి పాఠం, ఒకటి చూసి ఇంకొకటి అనుకోవడం.

వాళ్ళు నాలోకి ఎక్కించేది మందు కాదు, నీళ్ళు. క్లాసు అయ్యాక అటెండరు నన్ను తడిబట్టలా పిండి కిటికీ చువ్వలకు వేలాడదీసేవాడు. ఒకసారి గాలికి ఊగుతూ ఉంటే, రోడ్డు మీద వెళ్ళే పెళ్ళి ఊరేగింపు నన్ను చూసి బ్యాండు ఆపేసింది. పెళ్ళికొడుకు గుర్రం దిగి పరుగెత్తాడని కూడా అన్నారు.

సూది గుచ్చడం ఎవరైనా నేర్చుకుంటారని సన్యాసిరాజు గారి నమ్మకం. ఆ తర్వాత తల్లికి చెప్పే నాలుగు మాటలే అసలు చదువని ఆయన వాదన. ఏ టీకా వేశామో, దేనికి వేశామో మొదటిది. వేశాక ఏం కావచ్చో, అయితే ఏం చేయాలో రెండోది. మళ్ళీ ఎప్పుడు రావాలో మూడోది. కార్డు పోగొట్టుకోవద్దని నాలుగోది. విద్యార్థులు ఈ నాలుగూ నాకే చెప్పి మార్కులు వేయించుకునేవారు. "అమ్మా, బిడ్డకు జ్వరం రావచ్చు, కంగారు పడకండి" అని నా మోచేతి వంక చూసి చెప్పేవారు. నేను కంగారు పడేవాణ్ణి కాదు.

వాళ్ళలో హిమవంత్ అని ఒక మూడో సంవత్సరం కుర్రవాడు. మొదట్లో సూదిని నాకు బదులు బల్లకు దించేవాడు. అందరూ వెళ్ళిపోయాక ఒక్కడే కూర్చుని నా మీద సాధన చేసేవాడు. సూది తీశాక, నొప్పి పుడుతుందేమో అన్నట్టు ఆ చోట దూదితో కాసేపు నొక్కి పట్టేవాడు. రబ్బరుకు నొప్పేమిటి? అయినా అలా పట్టుకున్నవాడు అతనొక్కడే. పరీక్షలో నాలుగు మాటలూ తేనె పోసినట్టు చెప్పి నాలుగు మార్కులూ కొట్టాడు. నా శిష్యుడే అని పొంగిపోయాను.

తర్వాత వాళ్ళను రెండు నెలల పాటు ప్రతి బుధవారం ఒక పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకువెళ్ళారు. అసలు బిడ్డను ముట్టుకునే ముందు ఇంకోసారి నా మీద గుచ్చాలని సన్యాసిరాజు గారి నియమం. అందుకని హిమవంత్ సంచిలో నేనూ వెళ్ళాను. జిప్పు పట్టక నా వేళ్ళు బయటికి వేలాడుతుంటే బస్సులో మా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

అక్కడి నర్సు కృపావరమ్మ నన్ను తిరగేసి చూసింది. "ఇదేటి బాబూ, ఇడ్డెన్ల గుడ్డలాగున్నాది? ఎన్ని పోట్లు పొడిసీనారేటి?"

అప్పుడు నేనూ లెక్క వేసుకున్నాను. ఏడాదికి నూట యాభై మంది, మనిషికి నాలుగు పోట్లు, ఆరేళ్ళు. మూడు వేల ఆరువందలు. అందులో సగం గురి తప్పి బల్లకు దిగినవి. లక్ష అని మొదట్లో అన్నాను, నిజమే. డాక్టర్లలో సగం మంది అన్నదీ అంతే. మరి పెద్దమనిషి కబుర్లంటే అలాగే ఉంటాయి.

ఆ రోజు గౌరీశ్వరి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఒళ్ళో నెలన్నర పాప, మోక్షిత. మొదటి టీకా. హిమవంత్ లాగ్ బుక్కులో "నా చేత్తో వేసిన టీకా" అనే గడి ఇంకా ఖాళీగానే ఉంది. అది నిండితే గాని మాస్టారి సంతకం పడదు. బయట మిగిలిన బిడ్డ మోక్షిత ఒక్కతే.

"బాబూ, జొరమొస్తాదేటి?" అని అడిగింది గౌరీశ్వరి. "మా అత్త సూదొద్దంటంది. పక్కింటోల్ల పిల్లడికి జొరమొచ్చీసినాదని ఆవిడికి బయ్యం. రాదని నువ్వు సెప్పు, ఏయించీసుకుంటాను. నీ మాటే సెప్పుకుంటాను ఇంటికాడ."

నేను బల్ల మీదే ఉన్నాను. రెండో మాట అతని నాలుక మీదికి వచ్చింది. వందసార్లు నాకు చెప్పిన మాట.

"ఏమీ కాదమ్మా," అన్నాడు హిమవంత్. "జ్వరం రాదు."

కృపావరమ్మ తన చెయ్యి పక్కనే ఉంచి కనిపెట్టి చూస్తుండగా టీకా వేశాడు. చక్కగా వేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. దూదితో నొక్కి పట్టాడు. అందులో జాలి ఎంత, లాగ్ బుక్కు ఎంత అని నన్నడగకండి, రబ్బరుకు తూకం తెలియదు.

కృపావరమ్మ చేతులు కడుక్కుని వచ్చేసరికి గౌరీశ్వరి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఆవిడ హిమవంత్ వంక చూసి, "డాట్రు బాబూ, మీ మాస్టారు నాలుగు మాటలు నేర్పినారు గదా. నాకు మూడే ఇనపడినాయి," అంది. అతను లాగ్ బుక్కులో గడి నింపుతున్నాడు.

జ్వరం వచ్చింది. వస్తుంది మరి, చాలామంది బిడ్డలకు వస్తుంది. ఒకటి రెండు రోజులు ఉండి, జ్వరం చుక్కలు వేస్తే తగ్గిపోతుంది. కానీ రాదన్న జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు.

నాలుగు వారాలకు రెండో టీకా రోజున గౌరీశ్వరి రాలేదు. "నాను పిలిస్తే రాదు. మాటిచ్చినోడివి నువ్వే పద," అని కృపావరమ్మ హిమవంత్‌ను వాళ్ళింటికి తీసుకువెళ్ళింది. సంచిలో నేను.

గుమ్మం దగ్గర నిలబడింది గౌరీశ్వరి. లోపలికి రమ్మనలేదు. పాప ఆమె భుజం మీద గుండ్రాయిలా ఉంది.

"పాపకి తగ్గింది కదా అమ్మా," అన్నాడు హిమవంత్.

"తగ్గినాది. నా కోపం జొరమొచ్చినందుక్కాదు బాబూ." ఆమె గొంతు పెంచలేదు. "రాదన్నావు. నీ మాట పట్టుకుని అత్త ముందర నిలబడినాను. వస్తాదని సెప్పుంటే ఓర్సుకుందును. ఇప్పుడు నానేటి సెప్పినా ఈ ఇంట్లో ఎవులూ ఇనరు."

నాకు మొదటిసారి సూది దిగినట్టయింది. ఆమెకు జరిగినదానిలో నా వాటా కూడా ఉంది. ఇన్నాళ్ళూ హిమవంత్ ఎదురు ప్రశ్న వేయని చేతికి నిజం చెప్పడం నేర్చుకున్నాడు. అడిగే మనిషికి చెప్పడం నేను నేర్పలేదు, నాకు చేతకాదు. అయినా నేను అతన్ని క్షమించలేదు. ఆ నాలుగు మాటలూ తెలిసి కూడా నా దగ్గరే గదా దాచేశాడు.

మరుసటి బుధవారం గౌరీశ్వరి వచ్చింది. అత్తగారు కూడా వెంట వచ్చింది. హిమవంత్ లేచి నిలబడి, "జ్వరం వస్తుందమ్మా. వస్తే ఈ చుక్కలు వేయండి," అని ముందే చెప్పాడు. అత్తగారు అతన్ని పైకీ కిందికీ చూసి, "ఇప్పుడు నోరు పెగిలినాదేటి నాయినా?" అంది. అందరూ నవ్వారు. టీకా పడింది.

ఇప్పుడు నేను స్టోరు గదిలో, కాళ్ళు విరిగిన స్టూళ్ళ మధ్య ఉన్నాను. కాలేజీకి కొత్తగా రబ్బరు పాప వచ్చింది. దానికి తొడలు ఉన్నాయి, సూది గుచ్చితే ఏడుస్తుంది కూడా. అడగడం మాత్రం దానికీ రాదట.

పెళ్ళికొడుకు గుర్రం దిగి పరుగెత్తడం నేను చూడలేదు, అది అటెండరు చెప్పింది. ఆ లక్ష సూదుల గొప్పలు పక్కన పెడితే, నేను సొంతంగా కల్పించింది ఒక్కటే, గౌరీశ్వరి తిరిగి రావడం. ఆ బుధవారం కృపావరమ్మ ఒంటిగంట దాకా టీకాల పెట్టె మూయలేదు. హిమవంత్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. మీరు ఇంత ఓపిగ్గా విన్నారు కదా, నొచ్చుకోకుండా లేచి వెళతారని వచ్చిందన్నాను.