శుక్రవారం ఆగే జీపు

లోవరాజు పెట్రోలు జీపు ఈసారి దారిలో ఆగితే షెడ్డుకు తాళం వేసి గేదెలు కాసుకుంటానని మెకానిక్ మత్స్యలింగం నర్సీపట్నం నడిబజారులో ఒట్టు పెట్టుకున్నాడు. జారిన నోటిని బిగించే స్పానరు అతని పెట్టెలో లేదు మరి.

ఆ జీపు నర్సీపట్నం నుంచి నాతవరానికి జనాన్ని మోస్తుంది. ఆరు రోజులు బుద్ధిగా తిరిగి, శుక్రవారం వచ్చేసరికి నడిదారిలో నిలబడిపోయేది. మత్స్యలింగం పెట్రోలు పంపు మార్చాడు, కార్బురేటరు కడిగాడు, కాయిలు కొత్తది వేశాడు. ఊహూఁ! అమ్మవారికి కోపమొచ్చిందని లోవరాజు తల్లి అప్పయమ్మ ప్రతి శుక్రవారం ఉదయం బండికి ఇంకాస్త పసుపు రాసేది. పసుపు పెరిగేకొద్దీ బండి ఇంకా ముందే ఆగేది.

ఈ శుక్రవారం మత్స్యలింగం తానే ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ఎనిమిది మంది ఎక్కారు. అందులో సగం మంది ఒట్టు సంగతి తెలిసి తమాషా చూడ్డానికి వచ్చినవాళ్లే. రెండు మైళ్లు దాటిందో లేదో, బండి దగ్గి ఆగింది.

"ఏటి మత్స్యలింగం, గేదెల్ని కొనేసేవా?" అంది వెనక నుంచి కూరగాయల గున్నమ్మ. అందరూ గొల్లున నవ్వారు.

మత్స్యలింగానికి తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ల పేరు గంగలో కలిసిపోతోందని నిజంగానే ఏడుపొచ్చింది.

"పెట్రోలుందేటి?"

"రాత్రే నిండా పోయించేను," అన్నాడు లోవరాజు.

అయినా నమ్మకం చాలక మత్స్యలింగం ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. అతను మూత కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. మధ్యలో ఉండాల్సిన సూదంత బెజ్జం పసుపుతో పూడిపోయింది. దాని మీద రూపాయంత కుంకుమబొట్టు! పెట్రోలు దిగేకొద్దీ ఆ బెజ్జంలోంచే ట్యాంకులోకి గాలి రావాలి; రాకపోతే పెట్రోలు ఇంజనుకు అందదు. మర్నాడు పెట్రోలు పోసేవాడు మూత తుడిచేసేవాడు కాబట్టి జబ్బు ఆనవాలు మిగిలేది కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు నెలలు ఇంజను పీకాడు తను.

గున్నమ్మనే పిన్నీసు అడిగి బెజ్జం పొడిచాడు. నాతవరం దాకా బండి మళ్లీ దగ్గితే ఒట్టు.

సాయంత్రం బండి తిరిగొచ్చాక లోవరాజు ఇంటికి వెళ్లాడు. అయితే పూజ వల్లే బండి ఆగిందని పెద్దావిడతో ఎలా అనడం?

"అప్పయమ్మగారూ, అమ్మవారికి బొట్టు ఎక్కడెడతారండీ?"

"నుదుటికిరా."

"ముక్కులో పసుపు కూరతారా అండీ? ఇది బండి ముక్కండీ," అని మూత చూపించాడు.

ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! మూణ్ణెల్లు ముక్కు మూసి పరిగెట్టించేనేటిరా నా తల్లిని!" అంతలోనే తేరుకుని, "మెకానిక్కువి, నీకూ మూణ్ణెల్లు కనపళ్లేదేటిరా?" అంది. మత్స్యలింగం గేదెల ఒట్టు తీసి గట్టున పెట్టి షెడ్డు దారి పట్టాడు.

పై శుక్రవారం అప్పయమ్మ అదే జీపులో వచ్చి, మత్స్యలింగం షెడ్డు తలుపుకి పసుపు రాసి బొట్టు పెట్టింది.

"తాళం బెజ్జంలో మాత్రం పడనివ్వలేదురా, సూసుకో," అంది.