పెండ్లి బ్యాండులో ఏడుపు పాట

బ్యాండు ఎర్రకోటు తొడుక్కోవడమంటే జయరాజుకు రోత. అది అంతకుముందు ఎవడో తొడిగి వదిలేసిన కోటు. చంకల్లో వాడి చెమట కంపు ఇంకా పోలేదు. జయరామప్ప బ్యాండుసెట్టులో పన్నెండు మందికి పన్నెండు కోట్లున్నాయి, ఒక్కటీ ఒక్కడికీ సరిపోదు. అవి వేసుకుని బెంగుళూరు బళేపేట సందుల్లో, గాజుల అంగళ్ళ ముందు, పేడలో కాలు పడకుండా చూసుకుంటూ, పెండ్లికొడుకుకు ముందు క్లారినెట్ ఊదుకుంటూ నడవాలి. వెనకనుంచి ఎవడో మేనమామ నోటినిండా తాంబూలంతో కేక పెడతాడు.

"ఆ పాట వాయించప్పా. అదే, నీ పాట."

జయరాజు వాయించేవాడు. రామాంజినప్ప డోలు మీద దెబ్బ వేసేవాడు. పెండ్లివాళ్ళు చొక్కాలు తడిసేదాకా గెంతేవాళ్ళు. కాళ్ళకింద నలిగే పూలూ, ఎర్రటి ఉమ్మీ, ఆ ఉమ్మిలో ఈగలూ చూస్తూ జయరాజు ఊదుతూనే ఉండేవాడు.

అది ఒక తల్లి ఏడుపు పాట. ఐర్లండు దేశంలో కరువు వచ్చినప్పుడు, చనిపోయిన బిడ్డను ఒంటరిగా పూడ్చుకున్న తల్లి ఏడ్చిన ఏడుపు. బెంగుళూరులో ఆ సంగతి తెలిసిన మగవాళ్ళు ఇద్దరే. ఒకరు ఫాదర్ కిలియన్, రెండోవాడు జయరాజు.

జయరాజు ఐదో తరగతిలో బడి మానేసి కంటోన్మెంటులో ఫాదర్ కిలియన్ వంటింట్లో గిన్నెలు తోమడానికి చేరాడు. ఫాదర్ ఐర్లండు మనిషి. గుంటూరు వైపు పదేళ్ళు పనిచేసి తెలుగు నేర్చినవాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక వెనక వరండాలో కూర్చుని, ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి తీసేవాడు. దాన్ని ఆయన విజిల్ అనేవాడు. బోర్డింగు పిల్లలు చుట్టూ ఉంటే గంతుల పాటలు. ఎవరూ లేకపోతే నిదానం పాటలు. వాటిల్లో ఆయనకు ప్రాణమైనవి మూడు. మూడింటిలోకీ ఈ తల్లి పాట ముందు. గిన్నెలు తోముతూ తోముతూ జయరాజు దాన్ని చెవిలోకి ఎక్కించుకున్నాడు. ఒకరోజు ఫాదరే పిలిచి విజిల్ చేతికిచ్చాడు.

జయరాజు కాలితో తాళం వేసుకుంటూ మొదలుపెట్టాడు. ఫాదర్ వంగి ఆ పాదాన్ని చేత్తో పట్టి ఆపాడు.

"దీనికి తాళం లేదు, రాజూ. ఏడ్చే తల్లి లెక్కపెట్టుకుని ఏడుస్తుందా? నీ ఊపిరి అయిపోయిన చోట ఆగు. మళ్ళీ ఏడుపు వచ్చినప్పుడు ఎత్తుకో. అది ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు."

అలా నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళే జయరాజు చదివిన చదువు.

యాభై ఆరులో ఫాదర్‌ను హోసూరు రోడ్డు మీది చిన్న గుడికి మార్చారు. పోయేముందు ఆయన జయరాజు భుజం మీద చెయ్యి వేసి ఒకటే అడిగాడు. "నన్ను పూడ్చేటప్పుడు ఆ పాట వాయించు. ఈ ఊళ్ళో అది నీకు తప్ప ఇంకెవరికీ రాదు." జయరాజు మాట ఇచ్చాడు. చేతిలో ఆయనిచ్చిన విజిల్ తప్ప ఏమీ లేక జయరామప్ప బ్యాండులో చేరి క్లారినెట్ పట్టాడు.

బ్యాండులో ముందువరస క్లారినెట్ పిల్లప్పది. జయరాజుది మూడో వరస, బూరల వెనక. ఆ వరసకు వినబడేది డోలు దెబ్బ, కనబడేది ముందువాడి వీపు. ఏడాదిన్నర ఆ వీపే చూశాడు. ఒక మధ్యాహ్నం బ్యాండు అంగడిలో ఖాళీగా కూర్చుని విజిల్ తీసి ఆ పాట ఊదుకుంటున్నాడు. జయరామప్ప నిద్ర లేచి వచ్చాడు.

"యాడిదప్పా ఇది? బలే ఉండాది. సినిమాదా?"

"కాదప్పా. మా ఫాదర్ నేర్పించింది."

"ఏం పాటా అది?"

ఆ ఒక్క క్షణాన్ని జయరాజు తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో. చావు పాట అని చెబితే జయరామప్ప చెవులు మూసుకునేవాడు. శుభకార్యాల అంగడిలో చావు ఊదుతావా అని బయటికి నెట్టేవాడు. పాటైనా మిగిలేది. జయరాజు మాత్రం మూడో వరసను తలుచుకున్నాడు.

"పాత పాటప్పా, వాళ్ళ దేశానిది," అన్నాడు. "మంచి పాటే."

"అట్లయితే ముందువరసలో నువ్వే వాయించల్ల. రామాంజినీ, దీనికొక దెబ్బ ఎయ్యి చూస్తాం."

రామాంజినప్ప దెబ్బ వేశాడు. ఊపిరి ఆగాల్సిన చోట డోలు ఆగనివ్వలేదు. "ఏందప్పా నడమధ్యలో నిలబడతాండావు, పెండ్లికొడుకు గుర్రం నిలబడిపోతాది," అని నవ్వాడు. అందరూ నవ్వారు. జయరాజు కూడా నవ్వాడు. వారం తిరక్కుండా పిల్లప్ప వెనక్కి పోయాడు, జయరాజు ముందుకొచ్చాడు. రెండు మూడేళ్ళకు గాజుల అంగళ్ళలో పనివాళ్ళు ఆ పాటను నోటితో ఈల వేయడం మొదలుపెట్టారు. హోసూరు రోడ్డు మీది చందాపుర పెండ్లివాళ్ళు కూడా ఆ పాట ఉంటేనే బ్యాండు కావాలనేవాళ్ళు. పాటలో తల్లి బిడ్డ మీద మన్ను కప్పే చోట జనం చేతులు పైకెత్తి చిటికెలు వేసేవాళ్ళు. జయరాజుకు వాళ్ళంటే అసహ్యం, డోలంటే అసహ్యం. వాళ్ళు బాగుందన్నప్పుడు తనకు లోపల కలిగే చిన్న సంతోషమంటే మరీ అసహ్యం.

అయినా ఒక ధైర్యం ఉండేది. ఇదంతా క్లారినెట్ మీద, కూటికోసం. అసలు పాట విజిల్‌లో భద్రంగా ఉందని అనుకునేవాడు. విజిల్ తీసి మాత్రం చూసుకోలేదు.

అరవై రెండులో ఒక ఉదయం కబురొచ్చింది. ఫాదర్ రాత్రి పోయారు, రేపు పదిగంటలకు సమాధి. మర్నాడు తెల్లవారి జయరాజు పెరట్లో నిలబడి విజిల్ ఎత్తాడు. రెండు వరసలు ఊదాడో లేదో, భార్య కృపమ్మ పొయ్యి దగ్గరనుంచి తల బయటికి పెట్టింది.

"పొద్దున్నే పెండ్లి పాటేందయ్యా? ఫాదరయ్య పోయిన దినాన."

కిందికి చూసుకున్నాడు. కుడిపాదం నేలమీద టక్కు టక్కుమని కొడుతోంది. దాని మీద ఎడమపాదం పెట్టి తొక్కి మళ్ళీ ఊదాడు. పాదం ఆగింది గానీ ఊపిరి ఆగలేదు. సరిగ్గా నాలుగో దెబ్బకు తెగి, సరిగ్గా నాలుగో దెబ్బకు లేచింది. డోలు తన రొమ్ములో ఉంది. మళ్ళీ మళ్ళీ ఊదాడు. కృపమ్మ తలుపు దగ్గరికి వేసింది.

సమాధుల తోటలో నలభై మంది ఉన్నారు. గుంట పక్కన కుర్చీలో సిస్టర్ ఊనా అనే ముసలి కన్యాస్త్రీ కూర్చుని ఉంది. ఆమెదీ ఐర్లండే. ఆ పాట పుట్టింది ఆమె పల్లె పక్కనే అని ఫాదర్ ఒకప్పుడు చెప్పాడు. ప్రార్థన అయింది. పెట్టె దిగింది. కొత్త ఫాదర్ జయరాజు వైపు తల ఊపాడు.

జయరాజు కళ్ళు మూసుకుని ఆ వరండాను తలుచుకున్నాడు. తన పాదం మీద ఆ చెయ్యిని తలుచుకున్నాడు. ఊదాడు. మొదటి ఊపిరి బాగానే పోయింది. రెండోదానికి డోలు వచ్చేసింది. ఎంత నిదానంగా లాగినా అది నిదానంగా నడిచే పెండ్లి ఊరేగింపే అయింది. మర్యాదకు వచ్చిన రామాంజినప్ప, తలవంచుకుని నిలబడి, తనకు తెలియకుండానే తొడమీద వేళ్ళతో దెబ్బ వేస్తున్నాడు. గుంట తవ్వినవాళ్ళలో ఒకడు పక్కవాడిని మోచేత్తో పొడిచి నవ్వు మింగాడు. మధ్యలో ఆపితే అవమానం, ఆపకపోతే పాపం. జయరాజు చివరిదాకా వాయించాడు.

మన్ను వేయడం అయిపోయాక సిస్టర్ ఊనా కర్ర ఊతంతో దగ్గరికొచ్చింది. ఆ ముసలి కళ్ళలో ఏదైనా కదులుతుందేమోనని జయరాజు వెతికాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు.

"చాలా బాగా వాయించావు," అందామె వచ్చీరాని తెలుగులో. "ఏ పాట అది? మీ వాళ్ళదా?"

జయరాజు విజిల్‌ను చొక్కా జేబులోకి దోపుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు. "మా వాళ్ళదే. పెండ్లి పాట."

"మంచిది," అని ఆమె అతని చెయ్యి తట్టింది. "ఫాదర్‌కు మీ పాటలంటే ఇష్టం."