అమీర్‌సాబ్ ముఖం ఎటువైపు

1976 వేసవిలో పెనుకొండ కోటలో పురావస్తు తవ్వకాలు చేయిస్తున్న నన్ను పోలీసు జీపు వచ్చి కొండకింద పల్లెకు తీసుకుపోయింది. హనుమంతు అనే రైతు చేలో బావి తవ్వుతుంటే మనిషి బొమికలు బయటపడ్డాయట. చేను ఎవరిదైతే హంతకుడు వాడేనన్నది ఎస్సై లెక్క. హనుమంతును అప్పటికే లాకప్పులో వేశారు. ఆ మనిషి ఎప్పుడు, ఎట్లా చచ్చాడో సాయంత్రంలోగా చెప్పమన్నారు. పొరపాటున ఒక్క మాట తూలితే ఒక సంసారం వీధిన పడుతుంది.

గుంటలోకి దిగి బ్రష్షుతో మట్టి తీశాను. పెద్ద యుద్ధం నాటి మిలిటరీ చొక్కా ఇత్తడి గుండీలు దొరికాయి. ఏ బొమిక మీదా దెబ్బ గుర్తు లేదు. మనిషిని కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టి, మట్టి ఒంటి మీద పడకుండా పైన బండలు ఆనించారు. చంపి పారేసేవాడికి అంత ఓపిక ఉంటుందా? ఇది సాయిబుల సమాధి అన్నాను. ఎస్సై నవ్వాడు. వాళ్ళు ముఖం పడమరకు పెడతారు, వీడి ముఖం తూర్పుకు ఉంది, ఆమాత్రం తెలియదా మేడమ్ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ వంగి పుర్రె చూశాను, ముఖం తూర్పుకే ఉంది. గట్టు మీద హనుమంతు భార్య రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.

అప్పుడు హసీనాబీ కర్ర ఊతంతో వచ్చింది. కళ్ళు దాదాపు కనిపించని ముసలామె. ఆమె భర్త అమీర్‌సాబ్ బర్మా యుద్ధంలో పోయాడని ఊరంతా అనుకుంటారు. కొడుకు మొహిద్దీన్ ఆ మాట గొప్పగా చెప్పుకుంటాడు. ఆ కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు.

"మా ఆయన యుద్ధంలో సావలేదు సార్. పారిపోయొచ్చినాడు. జొరమొచ్చి నా ఇంట్లోనే పోయినాడు. నలుగురికీ చెప్తే, దాచిపెట్టినందుకు మిలిటరీవాళ్ళు మా మామను పట్టుకుపోతారని, మబ్బు పట్టిన రాత్రి నేనూ మామా ఇద్దరమే ఈడ పూడ్చినాము. హనుమంతును వదిలేయండి."

మొహిద్దీన్ తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆమె కర్రతో తడుముకుంటూ గుంట అంచుకు వచ్చింది.

"సీకట్లో దిక్కు తెలీలేదమ్మా. ఆయన మొగం పడమరకే ఉండాదా?"

ఎస్సై నన్ను చూశాడు.

"పడమరకే ఉంది అవ్వా" అన్నాను. బొమికల గురించి అబద్ధమాడటం నాకు అదే మొదలు.

హనుమంతును వదిలేశారు. బొమికలు అప్పగించిన రోజు మొహిద్దీన్ ఎవరినీ పిలవకుండా తానే కొత్త గుంటలోకి దిగాడు. పడమర ఎటో నన్ను మెల్లగా అడిగాడు. తల్లి గట్టు మీద కూర్చుని ఉండగా, తండ్రి ముఖం అటు తిప్పి పెట్టాడు.