లంకలో సుగర్ సూది

లంకలో పుట్టినోళ్లంతా రాక్షసులేనని సామెత. ఆ సామెత పుట్టించినవాడు లంకకు పోయి చూసి రాలేదని భారతమ్మకు అరవై రెండో ఏట తెలిసింది.

ఆమె లంకకు పోవడమే ఒక విడ్డూరం. పులివెందుల పక్కన ఎనిమిదెకరాల చీనీతోట, ఇల్లు, ఏడాదికోసారి తిరుపతి. ఆమె తిరిగిన ప్రపంచం అంతే. ఆ ఏడు, అంటే 2022లో, శ్రీలంక దివాలా తీసింది. పెట్రోలు లేదు, గ్యాసు లేదు, పాలపొడి లేదు అని టీవీలో రోజూ చూపిస్తున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ప్రొద్దుటూరులో యాత్రల ఆఫీసు నడిపే పవన్ సరిగ్గా అప్పుడే బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించాడు. లంకలో రామాయణ యాత్ర, వారం రోజులు, సగం ధరకే.

భారతమ్మ భర్త నారాయణకు ఆ "సగం" అన్న మాట నచ్చింది. "ఇంతకంటే తగ్గదు మే. ఆ దేశం కోలుకునిందంటే మళ్లా రేటు పెంచేస్తారు," అని రెండు పేర్లు రాయించి వచ్చాడు. ఇలాంటి లెక్కలు ఆయనకు బాగా వస్తాయి.

భారతమ్మ భయం వేరే. ఆమెకు సుగర్. మాత్రలతో ఆగే రకం కాదు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సూది పడాల్సిందే. రెండేళ్ల కిందట పెళ్లికని పోయి, మందు మరిచిపోయి, రెండు రోజులు సూది లేకుండా ఉంటే మూడో రోజు పొద్దున మనిషి లేవలేదు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నాలుగు రోజులకు కళ్లు తెరిచింది. "ఇంకోసారి ఇట్లా చేస్తే నా దగ్గరికి తీసుకురావద్దు, నేరుగా కాష్ఠానికి తీసుకుపోండి," అని డాక్టరు నారాయణను తిట్టిన తిట్టు ఊరంతా తెలుసు. అప్పటినుంచీ ఆ మందు సీసాను ఆమె కన్నబిడ్డకంటే జాగ్రత్తగా చూసుకుంటుంది. పులివెందుల ఎండల్లో కరెంటు పోతే ఆ మందు చెడిపోతుంది. అందుకని మట్టికుండలో నీళ్లు పోసి, సీసాను డబ్బాలో పెట్టి అందులో దించుతుంది. ఎండ ఒక్కటే ఆ మందుకు శత్రువని ఆమెకు బాగా తెలుసు. తెలిసిందల్లా అదొక్కటే.

యాత్రకు మొత్తం పన్నెండు మంది. అందులో జమ్మలమడుగు నుంచి వచ్చిన ఎలీషా ఒకడు. అక్కడొక ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. ఆదివారం చర్చి తప్పని మనిషికి రామాయణ యాత్రలో ఏం పనని నారాయణ అడగనే అడిగాడు.

"రాముడు దాటిన సముద్రం నేను దాటగూడదా అన్నా? అదీ సగం రేటుకి," అన్నాడు ఎలీషా. నారాయణకు ఆ జవాబు అర్థమైంది.

కొలంబోలో దిగి వ్యాను ఎక్కినప్పటినుంచీ భారతమ్మ కిటికీకి అతుక్కుపోయింది. ఎటు చూసినా నీళ్లు. కాలవలు, చెరువులు, కొండ మీదినుంచి ఎవరూ అడక్కుండానే రోడ్డు పక్కకు దూకే జలపాతాలు. వెయ్యి అడుగులు బోరు వేసి దుమ్ము చూసిన మనిషి ఆమె. ఊరికే పారిపోతున్న ఆ నీళ్లతో ఎన్ని చీనీతోటలు తడుస్తాయో లెక్కలేసుకుంది. ఆ పచ్చదనం మధ్యలోనే రోడ్డు వెంబడి మైళ్లకొద్దీ నిలబడిపోయిన ఆటోలు, మోటారు సైకిళ్లు, లారీలు. పెట్రోలు బంకు యాడుందో కంటికి కనిపించదు, వరస మాత్రం కనిపిస్తుంది. ఒకచోట ఖాళీ గ్యాసు సిలిండర్లను గొలుసుతో కట్టి వరసలో పెట్టి, వాటి పక్కనే చాపలేసుకుని పడుకున్నారు జనం.

"వానలుండంగా కరువేందప్పా?" అని పవన్‌ను అడిగింది.

"ఇది వానల కరువు కాదు పెద్దమ్మా, దుడ్ల కరువు. బయటినుంచి సరుకు తెచ్చుకునేదానికి వీళ్ల దగ్గర డాలర్లు లేవంట."

భారతమ్మకు అది మింగుడు పడలేదు. తమ ఊళ్లో వాన రాకపోతే తిట్టుకోవడానికి ఆకాశమైనా ఉంది. ఇక్కడ ఆకాశం తన పని తాను చేస్తూనే ఉంది, భూమి తన పని చేస్తూనే ఉంది, మనుషులు మాత్రం ఖాళీ డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. మాటకు మాట అనుకోకుండా నిలబడ్డారు. తమ వీధికి నీళ్ల ట్యాంకరు వస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. వరసలో పెట్టిన బిందెను తన్నేసి ముందుకు దూరిన ఆడవాళ్లలో తానూ ఒకతె. ఆ సంగతి గుర్తొచ్చి కాస్త సిగ్గుపడింది.

నాలుగో రోజు సాయంత్రం కొండల మీద నువారా ఎలియా చేరారు. సీతమ్మ గుడి అక్కడే. హోటలు మనిషి వీళ్లను చూసి సంతోషించాడు గానీ, ఇంకో మూడు గంటల్లో కరెంటు పోతుందని, మళ్లీ రేపు మధ్యాహ్నం దాకా రాదని, జనరేటరుకు డీజిలు లేదని చెప్పాడు. భారతమ్మ వెంటనే తన బుర్రకు పని పెట్టింది. కరెంటు ఉండగానే మందును ఎంత చల్లబరిస్తే అంత మేలు కదా? తమ ఇంట్లో కరెంటు తీస్తారని తెలిస్తే నీళ్ల సీసాలను ముందే గడ్డకట్టించుకోరా? వంటింట్లోకి పోయి, ఫ్రిజ్జులో పైన మంచుగడ్డలు తయారయ్యే అరలో రెండు సీసాలూ తన చేత్తోనే పెట్టి వచ్చింది.

ఆ రోజు ఏ దేవుడి దయో, కరెంటు పోనే లేదు.

పొద్దున సూది వేసుకోబోయేసరికి రెండు సీసాలూ రాళ్లై ఉన్నాయి. అరచేతుల్లో పెట్టి కరిగించి ఎలీషాకు చూపించింది. అతను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. లోపల తరకలు తరకలుగా తేలుతున్నాయి.

"అక్కా, ఇది సచ్చిపోయింది. ఇంక మందు కాదిది."

"కరిగింది గదప్పా!"

"విరిగిన పాలు మళ్లా పాలైతాయా?"

"మరి యాడ పెట్టాల్సింది?"

ఎలీషా కిటికీ తలుపు తీశాడు. చల్లటి గాలి ఈడ్చి కొట్టింది. "ఈ గూట్లో ఊరికే పెట్టినా సరిపోయేది. ఈ ఊరే ఒక ఫ్రిజ్జు గదా," అన్నాడు బాధగా.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎండతో కొట్లాడిన మనిషికి, చలి కూడా చంపుతుందని ఎవరు చెప్పాలి?

తిరుగు విమానానికి ఇంకా మూడు రోజులుంది. సగం రేటు గురించి ఆ తర్వాత నారాయణ నోట ఒక్క మాట రాలేదు. పవన్, ఎలీషా కాలినడకన ఊళ్లో మందుల దుకాణాలన్నీ తిరిగారు. ఎక్కడా లేదు. ఆసుపత్రిలో ఉన్న కాస్త మందూ లోపల పడుకున్న రోగులకే చాలడం లేదట. ఒంట్లో బాగా లేకపోతే వెంటనే తీసుకురండి, చేర్చుకుంటాం అన్నారు. మధ్యాహ్నానికి భారతమ్మ నోరు ఎండిపోయింది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరడం లేదు. ఆ దాహం ఆమెకు పాత పరిచయమే, దాని వెనక ఏమొస్తుందో తెలుసు.

చివరకు ఆమెను వెంటబెట్టుకుని తమ వ్యాను దగ్గరికి పోయారు. డీజిలు కోసం తెల్లవారుజామునే డ్రైవరు వ్యాను తీసుకుపోయి వరసలో నిలబెట్టాడు. పవన్ మద్రాసులో నేర్చుకున్న అరవంలో సంగతి చెప్పాడు. డ్రైవరు దిగి ముందున్న లారీవాడికి చెప్పాడు. లారీవాడు తన ముందువాడికి చెప్పాడు. భారతమ్మ చూస్తుండగానే ఆ మాట మనిషి నుంచి మనిషికి దాటుకుంటూ, కొండ మలుపు తిరిగి, కంటికి కనిపించకుండా పోయింది. ఒక పరాయి దేశపు ముసలామెకు సూదిమందు కావాలన్న మాటను, తమకు అన్నం ఉడకని ఆ మనుషులు ఒకరి చేతికొకరు అందించుకుంటున్నారు.

అరగంటలో మలుపు అవతలినుంచి ఒక నడివయసు ఆటో డ్రైవరు నడుచుకుంటూ వచ్చాడు. నాలుగు రోజులుగా వరసలో ఉన్నాడట. ఇంకో యాభై బళ్లు కదిలితే అతని వంతు. "మా అమ్మకు ఇదే జబ్బు. పైన ఇల్లు. పదండి," అన్నాడు అరవంలో.

"వరస తప్పిపోతే?" అన్నాడు పవన్.

అతను వాళ్లను మలుపు అవతలికి తీసుకుపోయి, వరసలోంచి తన ఆటోను బయటికి తీశాడు. వెనకవాడు దిగి, రోడ్డు పక్కనున్న ఒక రాయి తెచ్చి ఆ ఖాళీలో పెట్టాడు. అంతే. భారతమ్మ ఆ రాయిని చూసింది, దాని వెనకున్న వందల బళ్లను చూసింది. ఆ రాయిని ఎవరూ తన్నరని వాళ్లందరికీ తెలుసు. అది ఆమెకు జలపాతాలకంటే వింతగా అనిపించింది.

బంకు దాకా పోవడానికి దాచుకున్న గుక్కెడు పెట్రోలుతో ఆటో తేయాకు తోటల మధ్య కొండెక్కింది. భారతమ్మ, నారాయణ, ఎలీషా వెనక ఇరుక్కున్నారు. పవన్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. రేకుల ఇల్లు. వాకిట్లో కట్టెల పొయ్యి. డెబ్భై దాటిన సన్నటి మనిషి బయటికొచ్చింది. పేరు కుసుమ. అరవ కూలీలుండే తేయాకు తోటల్లో నలభై ఏళ్లు మంత్రసానిగా చేసింది, అందుకే ఆమెకూ అరవం వచ్చు. కొడుకు చెప్పిందంతా విని, భారతమ్మ గడ్డం పట్టుకుని, ఆమె నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. సుగర్ ముదిరితే వచ్చే పులిసిన పండ్ల వాసన తగిలిందేమో, ముఖం చిట్లించి లోపలికి పోయింది.

కిటికీ గూట్లో, పసుపు సీసా పక్కన, ఊరికే పెట్టి ఉంది మందు. ఒకటే సీసా.

భారతమ్మ తన సంచిలోంచి సూది తీయబోతే కుసుమ చెయ్యి పట్టుకుని ఆపింది. ఎలీషా ఆ సీసానూ, భారతమ్మ సూదినీ పక్కపక్కన పెట్టి చూసి తల ఊపాడు. "ఈ మందు గాఢం ఎక్కువక్కా. మన సూది మీది గీతల లెక్కన ఎక్కించుకుంటే రెండింతలు దాటిపోతాది." కుసుమ తన దగ్గరున్న సూదుల డబ్బా తెచ్చింది. ఏడు మిగిలి ఉన్నాయి. ఆరు తీసి ఎలీషా చేతిలో పెట్టి, నింపమంది. మూడు రోజులకు ఆరు. భారతమ్మ మోతాదు కుసుమ మోతాదుకు రెండింతలు. అంటే భారతమ్మకు మూడు రోజులు గడవాలంటే కుసుమవి ఆరు రోజులు పోవాలి. సీసాలో మందు కిందికి దిగిపోవడం అందరూ చూస్తూనే ఉన్నారు.

మొదటి సూది కుసుమే వేసింది. ఆ చెయ్యి ఎంత తేలికో, గుచ్చినట్టే తెలియలేదు.

"నీకెంత మిగిలింది?" అని పవన్ చేత అడిగించింది భారతమ్మ.

"పద్నాలుగు రోజులు."

"ఆ తర్వాత?"

కుసుమ చేతులు విప్పి చూపించింది. వచ్చే నెల మందు వస్తుందో రాదో ఆసుపత్రిలో వాళ్లకే తెలియదట.

భారతమ్మ కుడిచేతి గాజు లాగింది. ప్రొద్దుటూరులో చేయించిన రెండు తులాల గాజు. కుసుమ దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులో తిప్పి చూసి, బోసినోటితో నవ్వుతూ ఏదో అంది. పవన్ చెప్పడానికి కాస్త తడబడ్డాడు.

"ఇది సూదిలో ఎక్కుతుందా అంటాంది పెద్దమ్మా."

గాజు మళ్లీ భారతమ్మ చేతికే తొడిగేసింది. అప్పుడు అడిగింది భారతమ్మ, అడగకూడదనుకుంటూనే. "ఎందుకిచ్చినావమ్మా? నేనెవరు నీకు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది కుసుమ. "నీకు ఈ పూట లేదు. నాకు పద్నాలుగు రోజుల తర్వాత లేదు. ఏది ముందు?" అంది.

సీతమ్మ గుడికి వచ్చి సీతమ్మను చూడలేదని తర్వాత యాత్రలో ఒకరు జాలిపడ్డారు. "చూసినాలే," అంది భారతమ్మ. ఇంజను ఆపేసి, వాలులో దొర్లుకుంటూ ఆటో కొండ దిగుతున్నప్పుడు ఆమె ఏడుస్తూనే ఉంది. నారాయణ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అరవై దాటాక నలుగురిలో చెయ్యి పట్టుకోవడం ఆయనకు అదే మొదలు.

ఊరికొచ్చిన మర్నాడు పొద్దున్నే భారతమ్మ పులివెందులలో మందుల దుకాణానికి పోయింది. అద్దాల ఫ్రిజ్జులో వరసగా పేర్చి ఉన్నాయి సీసాలు. ఇన్నేళ్లుగా ఆమె అక్కడే కొంటోంది, ఎన్నడూ అటు తేరిపార చూసింది లేదు. అవి అన్ని ఉండడం ఆమెకు ఆ రోజు నమ్మశక్యంగా లేదు. ఎలీషాకు ఫోను చేసి, కుసుమ వాడే రకం పేరు, గాఢం అడిగి రాయించుకుంది. పది సీసాలు, రెండు వందల సూదులు కట్టించుకుని, నారాయణను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది.

"కొరియర్‌లో పంపేదానికి లేదు పెద్దమ్మా. చల్లగా ఉంచాల్సిన మందు ఎవురూ తీసుకోరంట," అన్నాడు పవన్. "మనుషుల చేత పంపుదామంటే, వచ్చే నెల యాత్ర ఎత్తేసినా. ఆడ గొడవలు శానా ఎక్కువైనాయంట. ఒక్కరు కూడా పేరు రాయించలే."

"నా పేరు రాయి," అని భారతమ్మ పాసుపోర్టు బల్ల మీద పెట్టింది.

"మతి పోయిందా మే నీకు?" నారాయణ లేచి నిలబడ్డాడు. "ఆ దేశం నుంచి అందరూ పారిపోయి వస్తాంటే నువ్వు ఎదురు పోతానంటావా? సచ్చిబతికి వచ్చి వారం కాలే!"

"ఆమె ఆరు దినాలు నా ఒంట్లో ఉండాయి," అంది భారతమ్మ. "నేను ఈడ కూసోని అన్నం తింటాంటే ఆడ ఆమెకు దినాలు అయిపోతాండాయి. ఆమెవి ఆమెకిచ్చేసి వస్తా."

నారాయణ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. పవన్ కంప్యూటరు వైపు తిరిగాడు.

"ఎప్పటికి తీయమంటావు పెద్దమ్మా?"

"రేపటికి."